ఆఫ్టర్‌లైఫ్: ఆ లెక్చరర్‌కి అన్యాయం చేశారనిపించింది (మొదటి సిరీస్ స్పాయిలర్లు ఉన్నాయి)

అర్ధరాత్రి_ప్రేక్షకుడు
బ్రిటన్ ఛానల్ ఐటీవీలో వచ్చిన ఆఫ్టర్‌లైఫ్ సీరియల్ మొదటి సిరీస్ ఆరు ఎపిసోడ్లూ ఈ వారంలో అయిపోగొట్టాను. 2005 నాటిది. బ్రిస్టల్ నగరం, చనిపోయినవాళ్లు కనిపించే అలిసన్ మండీ, యూనివర్సిటీలో సైకాలజీ చెప్పే రాబర్ట్ బ్రిడ్జ్. నటన గురించి ఒక్క మాట అనడానికి లేదు. అలిసన్‌గా చేసిన లెస్లీ షార్ప్ మొహం చూస్తే రాత్రంతా నిద్రపోని మనిషిలాగే ఉంటుంది, రాబర్ట్‌గా ఆండ్రూ లింకన్ కూడా అంతే బాగా చేశాడు.

నా బాధ వేరే. రాబర్ట్‌ని మొదటి నుంచీ ఓడిపోయేలాగే రాశారు. అలిసన్‌కి కనిపించేది కెమెరా మనకీ చూపించేస్తుంది. మనం చూసేశాక ఇక అతను ఎంత సబబుగా మాట్లాడినా మొండివాడిలాగే కనిపిస్తాడు. "ఇదంతా మనసు చేసే పని" అని అతను చెప్పేసరికి మనకి జవాబు ముందే తెలుసు. ఏళ్ల తరబడి చదువుకున్న మనిషి చదువంతా అక్కడ వృథా. ఒకడి చేతులు కట్టేసి కుస్తీకి దింపినట్టుంది. మీకెవరికీ అలా అనిపించలేదా?

గోడమీద_పిల్లి
ఇందులో భర్త, పిల్లలు, పోలీసులకి సాయం చేయడం అన్నీ ఉంటాయి కదా? లెక్చరర్ ఎక్కడ వచ్చాడు?

పాతటేపు
@గోడమీద_పిల్లి మీరు చెప్పేది మీడియం. అది అమెరికా సీరియల్, ప్యాట్రీషియా ఆర్కెట్ చేసింది. అదీ 2005లోనే మొదలైంది, అందులోనూ హీరోయిన్ పేరు అలిసనే. మీ తప్పేం లేదు, ఆ ఏడాది చనిపోయినవాళ్లందరూ అలిసన్‌లనే వెతుక్కున్నట్టున్నారు.

గోడమీద_పిల్లి
హమ్మయ్య. నేనింకా అసలు లెక్చరరే లేని సీరియల్లో అతనికి అన్యాయం ఎలా జరిగిందా అని ఆలోచిస్తున్నా.

వానకోయిల
మొదటి పోస్టుతో నేను ఒప్పుకోను. మీరు దీన్ని డిబేట్‌లా చూస్తున్నారు. ఇది డిబేట్ కాదు. రాబర్ట్ కొడుకు జాష్ కారు ప్రమాదంలో పోయాడు. భార్య జూడ్‌తో కాపురం విడిపోయింది. అలాంటి మనిషి ఎదురుగా ఒక ఆవిడ వచ్చి "నీ కొడుకు నాకు కనిపిస్తున్నాడు" అంటే అతను ఏం చేయాలి? నమ్మితే మళ్లీ ఆ పిల్లాడి ముందు నిలబడాలి. నమ్మకపోతే కనీసం పొద్దున్నే లేచి క్లాసుకి వెళ్లొచ్చు. అతను పుస్తకం రాస్తాననే వంకతో ఆవిడ చుట్టూ తిరగడం, దగ్గరికి వెళ్లడం, మళ్లీ పారిపోవడం, నాకైతే కథంతా అక్కడే ఉంది. దయ్యాలు నిజమా కాదా అన్నది రెండో విషయం.

అర్ధరాత్రి_ప్రేక్షకుడు
@వానకోయిల మీరన్నదే నాకు ఇంకా కష్టంగా ఉంది! అంటే అతను నమ్మకపోవడానికి కారణం సాక్ష్యం లేకపోవడం కాదు, గాయం. గాయం మానితే నమ్ముతాడు అన్నమాట. నమ్మనివాడికి ఏదో జబ్బు ఉన్నట్టు చూపించడం నాకు నచ్చలేదు. నేనూ నమ్మను. నాకేం గాయం లేదు. ఆధారం కనిపించలేదు కాబట్టి నమ్మను, అంతే.

తర్కం_తాతయ్య
నూటికి నూరుపాళ్లు. సీరియల్ వాళ్లకి మామూలు హేతువాది ఎప్పుడూ దొరకడు. భార్యో కొడుకో పోయినవాడే కావాలి.

నీలిసిరా
కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి. అసలు చరిత్రలో ఈ జంట ఉంది. మీడియం (అంటే చనిపోయినవాళ్ల మాటలు తన ద్వారా వస్తాయని చెప్పే మనిషి), అనుమానించే ప్రొఫెసర్, చనిపోయిన కొడుకు, అన్నీ ఉన్నాయి.

విలియం జేమ్స్ హార్వర్డ్ ప్రొఫెసర్, సైకాలజీకి అమెరికాలో పునాది వేసినవాళ్లలో ఒకడు. 1885లో ఆయన కొడుకు హెర్మన్ పోయాడు, నిండా రెండేళ్లు లేవు. అదే ఏడాది ఆయన బోస్టన్‌లో లియోనోరా పైపర్ అనే మీడియం దగ్గరికి వెళ్లాడు. ఆవిడని ఏళ్ల తరబడి పరిశీలించాడు, మిగతావాళ్లు కూడా పరిశీలించారు. 1896లో ఒక ఉపన్యాసంలో ఆయన అన్నదాని సారాంశం ఇది: కాకులన్నీ నలుపే అన్న సూత్రం తప్పని చూపించడానికి ఒక్క తెల్లకాకి చాలు, నా తెల్లకాకి మిసెస్ పైపర్. అలాగని చనిపోయినవాళ్లే ఆవిడ నోట మాట్లాడుతున్నారని ఆయన తేల్చి చెప్పలేదు. ఆవిడకి మామూలు దారిలో తెలిసే వీల్లేని సంగతులు తెలుస్తున్నాయన్నంత వరకే. చివరిదాకా ఆ మధ్యలోనే ఉండిపోయాడు.

ఆలివర్ లాడ్జ్ భౌతికశాస్త్రవేత్త, రేడియో తొలిరోజుల్లో పెద్ద పేరు. 1915లో కొడుకు రేమండ్ యుద్ధంలో పోయాడు. మరుసటి ఏడాదే ఆ కొడుకుతో మీడియంల ద్వారా మాట్లాడానని కొడుకు పేరుతోనే పుస్తకం వేశాడు. షెర్లాక్ హోమ్స్‌ని రాసిన కానన్ డాయిల్ కొడుకు 1918లో పోయాడు. ఆయనకి ఆ నమ్మకం అంతకు ముందే కుదిరింది, ఆ తర్వాత ఇక ఊరూరా తిరిగి ప్రచారం చేశాడు.

నేను చెప్పేదేమిటంటే, బయట బిడ్డ పోయిన చదువుకున్నవాళ్లు ఎక్కువగా తలుపు తట్టారు. ఈ సీరియల్ రాసిన స్టీఫెన్ వోక్ దాన్ని తిరగేశాడు. ఇక్కడ బిడ్డ పోయినవాడు తలుపు గడియ పెట్టుకుని కూర్చున్నాడు. నాకు అది అన్యాయంలా కాదు, కొత్తగా అనిపించింది.

మూడో_కుర్చీ
మెజీషియన్ హూడినీని వదిలేశారేం?

నీలిసిరా
@మూడో_కుర్చీ మీరు రాస్తారని వదిలేశా. మీకు మ్యాజిక్ పిచ్చి అని తెలుసు.

మూడో_కుర్చీ
సరే అయితే. హూడినీకి వాళ్లమ్మ అంటే ప్రాణం. 1913లో ఆవిడ పోయింది. 1922లో అట్లాంటిక్ సిటీలో డాయిల్ దంపతులు ఆయన్ని కూర్చోబెట్టి, అమ్మతో మాట్లాడిస్తామన్నారు. డాయిల్ భార్య పెన్సిల్ పట్టుకుని గబగబా పేజీలకు పేజీలు రాసింది, మీ అమ్మే నాచేత రాయిస్తోంది అంది. కాగితం పైన శిలువ గుర్తు. రాసిందంతా ఇంగ్లీషు.

వాళ్లమ్మ యూదు మతగురువు భార్య. ఆవిడకి ఇంగ్లీషు రాదు. పైగా ఆ రోజు ఆవిడ పుట్టినరోజు, దాని గురించి అందులో ఒక్క ముక్క లేదు.

నేనెప్పుడూ ఆ గదిలో హూడినీ మొహం ఎలా ఉండి ఉంటుందా అని ఆలోచిస్తాను. వాళ్లని పట్టిద్దామని కూర్చోలేదాయన. ఒక్క మాటైనా అమ్మది ఉంటుందేమో అన్న ఆశతో కూర్చున్నాడు. డాయిల్ దంపతులు మోసగాళ్లు కూడా కాదు, మనస్ఫూర్తిగా నమ్మినవాళ్లే. అందుకే ఆ స్నేహం అంత చేదుగా విరిగింది. ఆ తర్వాత రెండేళ్లకి మార్జరీ అనే బోస్టన్ మీడియంని సైంటిఫిక్ అమెరికన్ పత్రిక బహుమతి కోసం పరీక్షించినప్పుడు కమిటీలో హూడినీ ఉన్నాడు. ఆవిడకి ఆ బహుమతి రాలేదు.

కాబట్టి @అర్ధరాత్రి_ప్రేక్షకుడు, గాయం ఉన్న హేతువాది అంటే తక్కువవాడేం కాదు. హూడినీకి గాయం ఉంది, కళ్లూ తెరిచే ఉన్నాయి. రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చు.

అర్ధరాత్రి_ప్రేక్షకుడు
ఇది బాగా చెప్పారు. కానీ చూడండి, హూడినీ కథలో గెలిచింది ఆయన కళ్లే. ఆ గదిలో కెమెరా ఉన్నా వాళ్లమ్మ కనిపించదు. సీరియల్లో కనిపిస్తుంది. నా గొడవ అక్కడే.

సైకాలజీ_క్లాసు
నేను ఈ సబ్జెక్టు చెప్పేదాన్నే, అందుకని రాబర్ట్ మీద నాకు వేరే కోపం ఉంది. అతను ఒక్క పరీక్ష కూడా సరిగ్గా పెట్టడు.

ప్రతి ఏడాదీ కొత్త బ్యాచ్‌కి నేనొకటి చేస్తాను. పిల్లల చేత ఒక ప్రశ్నావళి నింపిస్తాను. వారం తర్వాత ఎవరి పేరు రాసిన కవరు వాళ్లకిచ్చి, మీ మనస్తత్వం ఇందులో ఉంది, ఎంత సరిపోయిందో అయిదుకి మార్కులు వేయండి అంటాను. గది నిశ్శబ్దం అయిపోతుంది. కొందరు రెండోసారి చదువుకుంటారు, కొందరు పక్కవాళ్లకి కనపడకుండా కాగితం చేత్తో మూసుకుంటారు. ఎక్కువమంది నాలుగో అయిదో వేస్తారు. అప్పుడు, మీ కాగితం వెనక వాళ్లకిచ్చి పైకి చదవమనండి అంటాను. అందరి కవర్లోనూ ఒకటే కాగితం. "బయటికి ధైర్యంగా కనిపిస్తారు, లోపల దిగులు పడుతుంటారు" లాంటి మాటలే. బెర్‌ట్రామ్ ఫోరర్ 1948లో 39 మంది విద్యార్థులతో ఇది చేశాడు, సగటున 4.26 వచ్చింది. మా క్లాసులో కూడా ఎప్పుడూ ఆ చుట్టుపక్కలే వస్తుంది.

రాబర్ట్ మొదటి ఎపిసోడ్‌లో విద్యార్థుల్ని తీసుకుని అలిసన్ ప్రదర్శనకే వెళ్తాడు కదా. నేనైతే ముందు రోజు ఇది చేయించి తీసుకెళ్లేదాన్ని. అక్కడికి వెళ్లాక, ఆవిడ అడిగిన ప్రశ్నలెన్ని, చెప్పిన సంగతులెన్ని, ఎదుటివాళ్లు తమంతట తాము బయటపెట్టినవెన్ని, ఇవన్నీ రాసుకోమనేదాన్ని. చాలామంది మీడియంల దగ్గర అసలు సమాచారం ఇచ్చేది ఎదుటి మనిషే. ఇంటికొచ్చాక మాత్రం "అన్నీ ఆవిడే చెప్పింది" అని గుర్తుంటుంది.

గోడమీద_పిల్లి
ఆ కవర్ల పని మా ఆఫీసులో చేస్తా రేపు. అప్రైజల్ లెటర్లు కూడా అలాగే ఉంటాయి అందరికీ.

బ్రిస్టల్_వాన
నేను అక్కడ రెండేళ్లు చదివాను. ఎక్కడికి వెళ్లాలన్నా ఏటవాలు వీధులు, ఎక్కేసరికి ఆయాసం. సీరియల్లో అలిసన్ ఒంటరిగా నడుస్తుంటే నాకు ఆ వీధుల్లో నవంబరు సాయంత్రం నాలుగింటికే పడే చీకటి గుర్తొచ్చింది. లండన్లో తీసి ఉంటే ఇంత దిగులుగా ఉండేది కాదు.

పాతటేపు
స్టీఫెన్ వోక్ పేరు వచ్చింది కాబట్టి ఒక్క మాట. ఇతనే 1992లో బీబీసీ కోసం ఘోస్ట్‌వాచ్ రాశాడు. అక్టోబరు 31 రాత్రి, లైవ్ ప్రోగ్రాంలాగా చూపించారు, మైకేల్ పార్కిన్సన్ లాంటి అసలైన యాంకర్‌ని పెట్టారు. ముందే షూట్ చేసిన నాటకం అది. చాలామంది నిజమనుకుని భయపడిపోయి ఫోన్లు చేశారు, బీబీసీ మళ్లీ దాన్ని వేయలేదు. అందులోనూ దయ్యాల మీద పరిశోధన చేసే ఒక డాక్టరమ్మ ఉంటుంది, కానీ ఆవిడ నమ్మేది, యాంకర్ నమ్మనివాడు. కాబట్టి ఇతనికి ఈ జోడీ మొదటి నుంచీ ఇష్టం. అక్కడ ప్రేక్షకుడిని నమ్మించి భయపెట్టాడు. పదమూడేళ్ల తర్వాత ఇక్కడ నమ్మకం వల్ల మనుషులకి ఏమవుతుందో రాశాడు. నాకు ఇదే ఎక్కువ నచ్చింది.

పడవ_ప్రయాణం
నేను సాధారణంగా చదివి వెళ్లిపోతాను. @సైకాలజీ_క్లాసు గారి పోస్టు చూశాక రాయాలనిపించింది.

తమ్ముడు పోయిన తర్వాత అమ్మ ఒకావిడ దగ్గరికి వెళ్లడం మొదలుపెట్టింది. పేరూ ఊరూ వద్దు. ఆవిడ ప్రతిసారీ మాటలు రికార్డు చేసి ఇచ్చేది. అమ్మ వంట చేస్తూ ఫోన్‌లో అవే పెట్టుకుని వినేది. ఒకరోజు అమ్మ నిద్రపోయాక ఆ ఫోన్ తీసుకుని, ఒక కాగితం మీద గీతలు పెట్టుకుంటూ విన్నాను. నలభై నిమిషాల్లో ఆవిడ అడిగిన ప్రశ్నలు 61. "గుండె దగ్గర ఏదో బరువు, ఛాతీయా? ఊపిరా?" అని ఆవిడ అడుగుతుంది, "కాదమ్మా, బండి మీద" అని అమ్మ చెప్పేస్తుంది. రెండు నిమిషాల తర్వాత ఆవిడ "రోడ్డు కనిపిస్తోంది" అంటుంది. అమ్మ ఏడుస్తుంది.

పొద్దున్నే ఆ కాగితం అమ్మకి చూపించాను. నేను చేసింది మంచి పనే అనుకున్నాను అప్పుడు. అమ్మ గీతలన్నీ చూసింది, కాగితం మడిచి నా చేతికిచ్చింది. అక్కడికి వెళ్లడం మానేసింది. కానీ ఆ తర్వాత ఏడాది పాటు నాతో తమ్ముడి పేరే ఎత్తలేదు. నా లెక్క తప్పు కాదు, ఇప్పటికీ అదే అంటాను. ఆవిడ తీసుకున్న డబ్బు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అయితే నేను ముందు అమ్మ పక్కన కూర్చుని ఒక్కసారి ఆ రికార్డు కలిసి వినుంటే బాగుండేది. గీతలు తర్వాత పెట్టొచ్చు.

రాబర్ట్‌ని చూస్తుంటే నాకు ఆ కాగితమే గుర్తొస్తుంది.

వానకోయిల
పడవ గారూ, రాసినందుకు చాలా థాంక్స్. ఇప్పుడు అమ్మగారు ఎలా ఉన్నారు?

పడవ_ప్రయాణం
బాగానే ఉందండీ. ఇప్పుడు తమ్ముడి గురించి మాట్లాడుకుంటాం.

సైకాలజీ_క్లాసు
@పడవ_ప్రయాణం మీరు చేసింది కరెక్టుగా నేను క్లాసులో చెప్పేదే. కానీ నేను చెప్పేటప్పుడు ఎదురుగా ఎవరి అమ్మా ఉండదు. ఈసారి ఆ పాఠం చెప్పేటప్పుడు ఈ మాట కూడా చెబుతాను.

లా_పాయింట్
అలిసన్ లాంటివాళ్ల గురించి చట్టం ఏమంటుందో చెప్పనా? సీరియల్ వచ్చే నాటికి బ్రిటన్‌లో 1951 నాటి మోసపు మీడియంల చట్టం అమల్లో ఉంది. దాని కింద శిక్ష పడాలంటే మోసం చేయాలన్న ఉద్దేశం ఉందని రుజువు కావాలి. తనకి నిజంగా వినిపిస్తోందని నమ్మే మనిషిని అది పట్టుకోలేదు. 2008లో దాన్ని తీసేసి, మామూలు వినియోగదారుల రక్షణ నిబంధనల కిందికి తెచ్చారు.

1951కి ముందు ఇంకా విచిత్రం. 1944లో హెలెన్ డంకన్ అనే మీడియంకి తొమ్మిది నెలల జైలు వేశారు, ఏ చట్టం కిందో తెలుసా, 1735 నాటి మంత్రవిద్య చట్టం! మంత్రశక్తి ఉందని నటించడమే ఆ చట్టం ప్రకారం నేరం.

తర్కం_తాతయ్య
మనసారా నమ్మేవాళ్లని వదిలేయాలన్నమాట. నాకు ఆ తేడా ఎప్పుడూ అర్థం కాదు. కావాలని మోసం చేసేవాడు దొరికిపోతే ఆపేస్తాడు. మనసారా నమ్మేవాళ్లు ఎప్పటికీ ఆపరు. పడవ గారి అమ్మకి జరిగిన నష్టం ఆవిడ ఉద్దేశాన్ని బట్టి తగ్గుతుందా?

మూడో_కుర్చీ
తగ్గదు. కానీ మనం ఆవిడతో మాట్లాడే తీరు మారుతుంది. డాయిల్ భార్యని దొంగ అనడం హూడినీకి కూడా ఇష్టం లేకపోయింది.

రిమోట్_నాదే
మీరందరూ కొడుకు దగ్గరే ఆగిపోయారు. రెండో సిరీస్‌లో రాబర్ట్‌కి బ్రెయిన్ ట్యూమర్ అని తెలిశాక కథంతా మారిపోతుంది కదా, దాని గురించి ఎవరూ మాట్లాడరేం?

అర్ధరాత్రి_ప్రేక్షకుడు
టైటిల్‌లో మొదటి సిరీస్ అని రాశాను కదండీ!!!

రిమోట్_నాదే
అయ్యో. క్షమించండి. టైటిల్ చివరిదాకా చదవలేదు. నిజంగా.

పాతటేపు
చూడు బాబూ, ఆ మనిషి ఇంకా ఎనిమిది ఎపిసోడ్లు చూడాలి. ఒక్క మాటలో ఎనిమిదీ చూపించేశావు.

బ్రిస్టల్_వాన
2006 నాటి సీరియల్‌కి స్పాయిలర్ ఏంటి అని నేను కూడా అనబోయాను, కానీ మొదటిసారి చూసేవాళ్లకి ఎప్పుడైనా కొత్తదే. రిమోట్ గారికి వారం రోజులు రిమోట్ కట్.

అర్ధరాత్రి_ప్రేక్షకుడు
తొమ్మిది రోజుల తర్వాత మళ్లీ వచ్చాను. రెండో సిరీస్ అయిపోయింది. రిమోట్ గారి మీద కోపం లేదు, తెలిసి చూడటం వల్ల ఒక మేలు జరిగింది. ఇక్కడి నుంచి స్పాయిలర్లే, చూడనివాళ్లు ఆపేయండి.

నా మొదటి పోస్టులో సగం వెనక్కి తీసుకుంటున్నాను. రాబర్ట్ తలలో గడ్డ ఉందని తెలిశాక, అతని కంటికి ఇక ఏం కనిపించినా దానికి రెండు కారణాలుంటాయి. గడ్డే చూపించిందని అతని చదువు చెబుతుంది. కాదని అలిసన్ చెబుతుంది. మొదటి సిరీస్‌లో నాకు కరువైన అనుమానం ఇక్కడ దొరికింది. పైగా రాబర్ట్‌ని నవ్వులపాలు చేయలేదు. చావు దగ్గరికొచ్చాక కూడా అతను ఎవరో ఒకరికి లొంగిపోయినట్టు నాకు కనిపించలేదు, భయపడిన మనిషిలా కనిపించాడు. అలిసన్ కూడా అక్కడ "నేను చెప్పలేదా" అనే మనిషి కాదు. ఒక స్నేహితుడిని పోగొట్టుకుంటున్న మనిషి. రోజూ చనిపోయినవాళ్లని చూసే ఆవిడకి ఈ చావు తేలిక అవుతుందనుకున్నాను. కాలేదు.

రెండో సగం మాత్రం వదలను. మొదటి సిరీస్‌లో ఆ పిల్లాడిని మనకి చూపించకుండా ఉండాల్సింది. అలిసన్ ఎటు చూస్తోందో చూపిస్తే చాలు, అటు పక్క ఖాళీగా వదిలేయాలి. లెస్లీ షార్ప్ కళ్లు ఉండగా ఇంకో బొమ్మ ఎందుకు?

వానకోయిల
వద్దు వద్దు. ఆ ఖాళీ చోటు చూస్తే మీలాంటివాళ్లు "ఏమీ లేదు" అంటారు, నాలాంటివాళ్లు "ఉన్నాడు" అంటారు, ఎవరి ఇంటికి వాళ్లు వెళ్లిపోతారు. పిల్లాడు కనిపించాడు కాబట్టే "అయ్యో, వీడు తండ్రికి ఒక్కడికే కనిపించడం లేదే" అని నాకు కడుపులో తిప్పేసింది. మనం చూశాం, తండ్రి చూడలేకపోయాడు. అంతకన్నా కష్టం ఇంకేముంటుంది?

అర్ధరాత్రి_ప్రేక్షకుడు
ఇది నాకు తట్టలేదు. ఆలోచిస్తాను. ఇప్పటికైతే ఒప్పుకోవడం లేదు.

నీలిసిరా
ఆ సీన్ మళ్లీ చూసి రండి, అప్పుడు రెండో రౌండ్ పెట్టుకుందాం.

పడవ_ప్రయాణం
నిన్న రాత్రి మొదటి ఎపిసోడ్ అమ్మతో కలిసి చూశాను. నేనే అడిగాను, చూస్తావా అని. ఫోన్ పక్కన పెట్టేసి చివరిదాకా చూసింది. మధ్యలో ఒకే ఒక్క మాట అడిగింది: "ఆ అబ్బాయి అన్నీ రాసుకుంటాడు సరే, ఆవిడ తిండి తిందో లేదో ఎవరైనా అడుగుతారా?" రెండోది ఈ రాత్రికి పెట్టమంది.